చదువు అయిపోయినా కాలేజీ జట్టు మీద అభిమానం నిలుస్తుందా?

వచ్చే ఆగస్టులో అమెరికాలో ఎం.ఎస్.లో చేరబోతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. అక్కడివాళ్ళు తమ కాలేజీ జట్టు కోసం ప్రాణం పెడతారని వింటున్నాను, రెండేళ్ళు చదువుకుని వెళ్ళిపోయే మనవాళ్ళకు కూడా ఆ అభిమానం నిజంగా అబ్బుతుందా, అబ్బినా పట్టా చేతికి వచ్చాక నిలుస్తుందా అని వారి సందేహం. అబ్బుతుంది, నిలుస్తుంది అన్నదే నా సమాధానం. నేను కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో, యూనివర్సిటీ ఆఫ్ కాన్సస్‌లో చదువుకున్నాను. ఉద్యోగం వచ్చాక అక్కడికి కారులో గంటలోపే చేరుకోగలిగే ఓవర్‌లాండ్ పార్క్‌లో స్థిరపడ్డాను. ఆ విశ్వవిద్యాలయపు పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు జేహాక్స్ అంటే నాకు ఈనాటికీ ప్రాణం. నాకు బాగా తెలిసిన ఆ ఒక్క జట్టు గురించే రాస్తాను, మిగిలిన చోట్ల సంగతి దీన్నిబట్టి మీరే ఊహించుకోవచ్చు.

ఇటువంటి అభిమానం అనగానే మనవాళ్ళకు ముందుగా ఐపీఎల్ గుర్తుకు వస్తుంది కానీ ఆ పోలిక ఇక్కడ కుదరదు. ఐపీఎల్‌లో మన మనసు ఎక్కువగా ఆటగాడిని అంటిపెట్టుకుని ఉంటుంది, అతను జట్టు మారితే కొంత అభిమానం అతని వెంటే వెళుతుంది. కాలేజీ ఆటగాడు మహా అయితే నాలుగైదేళ్ళు కనిపిస్తాడు, మెరికలాంటి కుర్రవాడైతే ఒక్క ఏడాది ఆడి ప్రొఫెషనల్ లీగు అయిన ఎన్‌బీఏకు వెళ్ళిపోతాడు. 2021 నుంచి ఒక కాలేజీలో ఆడినవాడు ఏడాదిపాటు ఆగవలసిన పని లేకుండా మరో కాలేజీకి మారే వీలు కూడా వచ్చింది కాబట్టి, అక్టోబరు వచ్చేసరికి జట్టులో చాలావరకు కొత్త ముఖాలే ఉంటాయి. అయినా మా ఆటలు జరిగే ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌లోని పదిహేను వేల పైచిలుకు సీట్లు నిండే ఉంటాయి. అక్కడికి వచ్చేవాళ్ళు ఆటగాళ్ళను అభిమానించరని కాదు, ఎంతగానో అభిమానిస్తారు. కానీ వాళ్ళను పట్టి ఉంచేది ఆ చోటు, ఆ చోట తమకంటే ముందువాళ్ళు చేసిన పనులను తాము మళ్ళీ చేయడం.

ఆ చోటుకున్న చరిత్ర అటువంటిది. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 1898లో లారెన్స్‌కు వచ్చి, ఇక్కడ జట్టును మొదలుపెట్టి, చివరికి 1939లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. కాన్సస్ జట్టుకు శిక్షకులుగా పనిచేసినవారందరిలో గెలుపులకంటే ఓటములు ఎక్కువగా ఉన్నది ఆటను కనిపెట్టిన ఆయనకు ఒక్కడికే. ఆయన తరువాత వచ్చిన ఫాగ్ ఆలెన్ పేరు మీదనే 1955లో ఈ భవనం ప్రారంభమైంది. ఆ ఆలెన్ దగ్గర ఆడి నేర్చుకున్న ఎడాల్ఫ్ రప్ కెంటకీని, డీన్ స్మిత్ నార్త్ కెరొలైనాను దేశంలోని గొప్ప జట్లుగా తీర్చిదిద్దారు. నైస్మిత్ రాసిన పదమూడు నియమాల అసలు ప్రతిని 2010లో వేలం వేసినప్పుడు, లారెన్స్‌లోనే పెరిగి ఇక్కడే చదువుకున్న డేవిడ్ బూత్ దాదాపు 43 లక్షల డాలర్లకు కొని విశ్వవిద్యాలయానికి దక్కేలా చేశాడు. ఫీల్డ్‌హౌస్‌ను ఆనుకుని ఉన్న డిబ్రూస్ సెంటర్‌లో ఆ రెండు కాగితాలను ఎవరైనా చూడవచ్చు. మీరు లారెన్స్‌కు రాకపోయినా, మీరు చేరబోయే కాలేజీకి కూడా ఇటువంటి చరిత్ర ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ముందుగా దాన్ని తెలుసుకోండి, ఆట నియమాలు ఆ తరువాత వాటంతట అవే వస్తాయి.

చరిత్ర చదివినంత మాత్రాన అభిమానం రాదు, అది వరుసలో కూర్చోవడంతో వస్తుంది. విద్యార్థులకు సీట్ల నంబర్లు ఉండవు కాబట్టి, ముందు వరుసలు కావాలనుకునేవాళ్ళు పాతిక ముప్పై మంది ఒక బృందంగా పేర్లు ఇస్తారు. ఏ బృందం ముందు వెళ్ళాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు, ఆ రోజు నుంచి ఆట జరిగే రోజు వరకు బృందంలో ఒక్కరైనా ఫీల్డ్‌హౌస్ వరండాలో ఉండి తీరాలి. ఎప్పుడు పిలుస్తారో ముందుగా చెప్పకుండా హాజరు తీసుకుంటారు, పలికే మనిషి లేకపోతే ఆ బృందం పేరు జాబితాలోంచి పోతుంది. నన్ను మొదట ఇందులోకి లాగింది మాకంటే ఒక ఏడాది సీనియర్ అయిన ఒక వరంగల్ అన్న. "తమ్ముడూ, రేపు పొద్దున ఆరింటికి నీ వంతు. అసైన్‌మెంట్ అక్కడే కూర్చుని రాసుకో, ప్లగ్గు పాయింటు ఎక్కడుందో నేను చూపిస్తా" అన్నాడు. చలికాలం, బయట మంచు, లోపల నేల మీద పరుచుకున్న దుప్పట్లు, వాటి మీద పుస్తకాలు తెరుచుకుని కూర్చున్న పిల్లలు, గోడల మీద వందేళ్ళనాటి జట్ల ఫోటోలు. ఇక్కడే నాకు మొదటిసారిగా తరగతి గదికి బయట అమెరికన్ స్నేహితులు ఏర్పడ్డారు. హాజరు పిలిచినప్పుడు నా పేరును సరిగ్గా పలకడం నేర్చుకోవాలని పట్టుబట్టి నాతో పదేపదే చెప్పించుకున్న అమ్మాయి, ఈనాటికీ మా కుటుంబానికి ఆప్తురాలు.

ఆట మొదలయ్యే ముందు జరిగేది మీరు కళ్ళారా చూడవలసిందే. ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లు ప్రకటిస్తున్నంతసేపూ విద్యార్థులందరూ పత్రికలను ముఖానికి అడ్డంగా పెట్టుకుని, మీరెవరో మాకు పట్టలేదన్నట్టు చదువుతూ నిలబడతారు. ఆ పేర్లు అయిపోగానే దీపాలు ఆరిపోతాయి, పై తెర మీద పాత విజయాల దృశ్యాలు నడుస్తాయి, మన ఆటగాడి పేరు వినబడగానే అప్పటిదాకా చదివిన పత్రికలన్నీ ముక్కలై గాలిలోకి లేస్తాయి. దానికి ముందే అందరూ భుజాల మీద చేతులు వేసుకుని, అటూ ఇటూ ఊగుతూ కాలేజీ పాట పాడి, చివరలో రాక్ చాక్ జేహాక్ అంటూ నెమ్మదిగా, గుడిలో మంత్రం చదివినట్టు దీర్ఘాలు తీస్తారు. 1886లో ఇక్కడి సైన్స్ క్లబ్ కోసం రసాయనశాస్త్ర ఆచార్యుడు బెయిలీ కట్టిన కేక అది. ఎనభై ఏళ్ళ ముసలివారూ పద్దెనిమిదేళ్ళ పిల్లలూ ఒకే గొంతుతో దాన్ని పలుకుతుంటే, పక్కన నిలబడ్డ మనిషి ఏ దేశం నుంచి వచ్చాడన్నది ఎవరికీ గుర్తు రాదు.

ఇక ఓటముల సంగతి. కాలేజీ జట్ల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంటులో ఒక్క ఆట ఓడితే ఇంటికే. నవంబరు నుంచి కష్టపడి సంపాదించుకున్నదంతా మార్చిలో ఒక్క మధ్యాహ్నంతో పోతుంది. 2010లో అందరూ టైటిల్ మనదే అనుకుంటుండగా, రెండో రౌండులోనే నార్తర్న్ ఐయోవా చేతిలో రెండు పాయింట్ల తేడాతో ఓడాం. ఆ మరుసటి ఏడాది సెమీఫైనల్ గడప దగ్గర వీసీయూ చేతిలో ఓడాం. 2024 నవంబరులో దేశంలో మొదటి ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టి, 2025 టోర్నమెంటు మొదటి ఆటలోనే ఆర్కెన్సాతో ఓడిపోయాం. ఇటువంటి రోజున ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, ఆ బాధ నిజమైనది, దాన్ని చిన్నతనంగా అనుకోవలసిన అవసరం లేదు.

ఓటమి విషయంలో ఈ ఊరు ఎలా ఉంటుందో తెలియాలంటే విల్ట్ ఛేంబర్‌లిన్ కథ ఒక్కటి చాలు. 1957 ఫైనల్లో నార్త్ కెరొలైనాతో మూడు ఓవర్‌టైములు ఆడి, 54-53 తేడాతో కాన్సస్ ఓడిపోయింది. జట్టుకంతటికీ ఆధారమైన ఛేంబర్‌లిన్, తాను ఊరిని నిరాశపరిచానన్న బాధతో దశాబ్దాలపాటు అటువైపు రాలేదు. 1998 జనవరిలో ఆయన 13వ నంబరు జెర్సీకి గౌరవ వీడ్కోలు ఇవ్వడానికి ఎంతోకాలంగా పిలుస్తూ వచ్చిన విశ్వవిద్యాలయం మాట ఎట్టకేలకు మన్నించి, తన పాత కాలేజీ జాకెట్టు వేసుకుని ఫీల్డ్‌హౌస్ నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఆనాటి ఆటకు పుట్టి కూడా ఉండని పిల్లలు లేచి నిలబడి ఆగకుండా చప్పట్లు కొట్టారు. ఆయన కంఠం గద్గదమైంది. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఆ రోజు నేను అక్కడ లేను, ఆ దృశ్యం వీడియోలో ఎన్నిసార్లు చూసినా నాకు కళ్ళు చెమరుస్తాయి.

గెలుపు కూడా వస్తుంది మరి. 2022 ఏప్రిల్ 4న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన ఫైనల్లో ఎదురుపడింది మళ్ళీ అదే నార్త్ కెరొలైనా. మొదటి సగం ముగిసేసరికి 40-25తో వెనకబడి, చివరికి 72-69తో గెలిచాం. ఇక్కడ రాత్రి జరిగే ఆట మన దేశంలో తెల్లవారి కాఫీ వేళకు పడుతుంది. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని మా నాన్నగారు, సగం ఆటలో ఫోన్ చేసి "ఏరా, మీవాళ్ళు ఎలా ఆడుతున్నారు" అని అడిగి, పదిహేను పాయింట్లు వెనకబడ్డామని చెబితే "ఇంకా సగం ఉందిగా, కంగారుపడకు" అన్నారు. ఆట ముగిశాక లారెన్స్‌లో మసాచుసెట్స్ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా జనంతో నిండిపోయింది.

బయటివారమైన మనకు ఇది అబ్బుతుందా అన్నదే మీ అసలు సందేహం కాబట్టి, కష్టమైనా ఒక విషయం చెప్పాలి. 2017 ఫిబ్రవరి 13న వెస్ట్ వర్జీనియాతో ఆట రోజున ఫీల్డ్‌హౌస్‌లో 130.4 డెసిబెల్స్ అరుపులు గిన్నిస్ రికార్డుగా నమోదయ్యాయి. ఆ ఆటలో మూడు నిమిషాలు కూడా మిగలని సమయానికి పద్నాలుగు పాయింట్లు వెనకబడి కూడా గెలిచాం. ఆ సంబరం ఇంకా తీరకముందే, ఫిబ్రవరి 22న, మా పక్క ఊరైన ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్ల హత్య జరిగింది. ఆయన, ఆయన మిత్రుడు అలోక్ మాదసాని సాయంత్రం పని ముగించుకుని కూర్చున్న బార్‌లో టీవీలో నడుస్తున్నది కాన్సస్, టీసీయూ జట్ల ఆటే. మా దేశం నుంచి పొమ్మంటూ ఒకడు కాల్పులు జరిపాడు, అలోక్ గాయపడ్డారు. ఆ ఆట చూడటానికి వచ్చిన ఇయాన్ గ్రిలట్ అనే కుర్రవాడు దుండగుడిని ఆపబోయి తానూ తూటా దెబ్బ తిన్నాడు. ఆ రాత్రి జట్టు గెలిచిందని మాకు చాలాసేపటి వరకు తెలియనే తెలియదు, తెలిసినా దానితో మాకు పని లేకపోయింది.

ఆ తరువాత లారెన్స్‌లో జరిగే ఆటకు వెళ్ళాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. వద్దని మా అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. చివరికి మేము ఎప్పుడూ కూర్చునే చోటికే వెళ్ళాం. మా వెనక వరుసలో ఏళ్ళుగా కూర్చునే ఒక పెద్దావిడ మమ్మల్ని చూడగానే లేచి వచ్చి, మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, శ్రీనివాస్ గారి కుటుంబం ఎలా ఉందని, మేము జాగ్రత్తగా ఉన్నామా అని అడిగింది. ఒకే రాష్ట్రంలో అటువంటి మనిషీ ఉన్నాడు, ఈవిడా ఉంది. నేను ఈవిడ ఉన్న చోటును ఎంచుకున్నాను, ఇప్పటికీ అక్కడే కూర్చుంటాను.

ఇటీవల వచ్చిన మార్పులు కొన్ని నాకు నచ్చలేదు. ఆటగాళ్ళకు తమ పేరుతో డబ్బు సంపాదించుకునే హక్కు 2021లో వచ్చింది, 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. అది వారికి న్యాయంగా దక్కవలసిందే, కానీ ఏటేటా జట్టు మారిపోవడం వల్ల ఒక కుర్రవాడు మన కళ్ళ ముందు ఎదగడం చూసే భాగ్యం తగ్గుతోంది. నియమాల ఉల్లంఘన కేసులో 2018 సీజన్‌లోని కొన్ని విజయాలు, సెమీఫైనల్ చేరిన ఘనతతో సహా, 2023లో రికార్డుల నుంచి రద్దయ్యాయి. అభిమాని అన్నవాడు దీన్ని దాచకూడదని నా అభిప్రాయం, మా అబ్బాయికి జట్టు చరిత్ర చెప్పేటప్పుడు ఇది కూడా చెబుతాను.

ఇక మీరు చేయగలిగిన పనులు. వెళ్ళిన మొదటి సెమిస్టర్‌లోనే విద్యార్థుల స్పోర్ట్స్ పాస్ తీసుకోండి, అది ఉద్యోగం వచ్చాక కొనే టికెట్‌తో పోలిస్తే ఎంతో చవక. మీ కాలేజీలో పేరున్న ఆటతో పాటు, మహిళల వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆటలకు కూడా వెళ్ళండి, అక్కడ కోర్టుకు దగ్గరగా కూర్చుని ఆటను నేర్చుకోవచ్చు. ఓడిపోయే జట్టును కూడా వదలకండి. మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఏళ్ళ తరబడి ఓడుతూ వచ్చి, 2023లో ఓక్లహోమాను ఓడించినప్పుడు, విద్యార్థులు గోల్ స్తంభాలను పెరికి మోసుకెళ్ళి క్యాంపస్‌లోని పాటర్ లేక్‌లో పడేశారు. ఓటముల కాలంలో కూడా వచ్చినవాళ్ళకు ఆ రోజు కలిగిన ఆనందం వేరు. ఒకవేళ మీరు లారెన్స్‌కే వస్తున్నట్టయితే, అక్టోబరులో జరిగే బాస్కెట్‌బాల్ సీజన్ ఆరంభ వేడుక లేట్ నైట్ ఇన్ ద ఫాగ్‌కు ప్రవేశం ఉచితం, కానీ తలుపులు తెరవడానికి చాలా ముందుగానే వెళ్ళి వరుసలో నిలబడాలి. ఒక్కరే వెళ్ళకుండా మీ ల్యాబ్‌లోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో ఉన్న సీనియర్‌ను వెంటబెట్టుకుని వెళితే, పాట ఎప్పుడు మొదలవుతుందో, పత్రిక ఎప్పుడు చించాలో వాళ్ళే చెబుతారు.