రేడియోహెడ్ సభ్యుల సోలో పనుల్లో ఎవరిది గొప్ప?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ అభిమానుల్లో ఈ వాదన ఎక్కువగా గాయకుడు థామ్ యార్క్, గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్‌ల మధ్యే నడుస్తుంది. నా ఓటు జానీకే.

థామ్ 2006లో తెచ్చిన ‘ది ఇరేజర్’ చాలావరకు కంప్యూటర్ బీట్ల మీద నడిచే ఆల్బమ్. గొంతు చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. టైటిల్ పాటలోని పియానో మాత్రం జానీ వాయించినదే. థామ్ దాన్ని రికార్డు చేసుకుని, ముక్కలుగా కోసి అతికించాడు. అంటే ‘సోలో’లోనూ బ్యాండ్ ఉంది.

జానీ దారి వేరు. సినిమాలకు ఆర్కెస్ట్రా సంగీతం రాస్తాడు, ‘ఫాంటమ్ థ్రెడ్’కు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. కానీ తప్పకుండా వినాల్సింది ‘జునూన్’ ఆల్బమ్. 2015లో జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటలో ఇజ్రాయెల్ సంగీతకారుడు షై బెన్ జుర్‌తో, రాజస్థానీ కళాకారులతో కలిసి చేశాడు. ఖవ్వాలీ గొంతులు, బ్యాండుమేళం బాకాలు ముందుకొస్తాయి. జానీ గిటారు, బేస్ వెనకుండి పాటకు పట్టునిస్తాయి. అంత పేరున్న మనిషి అలా ఒదిగి వాయించడం నాకెంతో నచ్చింది.

డ్రమ్మర్ ఫిల్ సెల్వే ‘ఫెమీలియల్’ (2010)లోవి మెత్తటి పాటలు. మరో గిటారిస్టు ఎడ్ ఓబ్రియన్ ‘ఎర్త్’ 2020లో వచ్చింది. బ్యాండ్ పాటల్లోని పదునే కావాలంటే మాత్రం థామ్, జానీ కలిసి డ్రమ్మర్ టామ్ స్కిన్నర్‌తో పెట్టిన ‘ది స్మైల్’ బ్యాండ్‌ను వినండి. 2022 నాటి మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టండి.