అండమాన్‌లో నీళ్లలోకి దిగేముందు

విశాఖపట్నం

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీరంతా అండమాన్ వెళ్లి స్నార్కెలింగ్, అంటే కళ్లకి మాస్కు, నోట్లో ఊపిరి పీల్చే ట్యూబు పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున ఉన్న పగడాలూ చేపలూ చూడటం, చేయాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఆ పగడాల మీద నాకెంత ఇష్టమో నీకు తెలుసు. అయితే రిసార్టులూ టికెట్లూ అన్నీ చూసేసి, నీళ్లలోకి దిగే సంగతి మాత్రం "అక్కడ గైడ్ చూసుకుంటాడులే" అని వదిలేశారట. అది నాకు నచ్చలేదు. అక్కడ గైడ్ మీతో ఉండేది అరగంటో గంటో. ఆ గంట హాయిగా గడుస్తుందా, గాభరాగా గడుస్తుందా అనేది ఇక్కడ విశాఖలో ఉండగానే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఫోన్లో కాకుండా తీరిగ్గా రాస్తున్నాను.

మనం సముద్రం పక్కనే పుట్టి పెరిగాం కదా అని ధీమా పడకు. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి అలలు తగిలించుకోవడం వేరు, కాళ్లకి నేల అందని చోట మొహం నీళ్లలో పెట్టి తేలడం వేరు. పోనీ ముందు రుషికొండలో ప్రాక్టీస్ చేద్దామంటావేమో, వద్దు. మన తీరంలో అలల ఊపు ఎక్కువ, కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది, నీళ్లు మట్టిరంగులో ఉంటే లోపల చెయ్యి చాపినంత దూరం కూడా కనబడదు. కొత్తవాళ్లకి స్విమ్మింగ్ పూలే మంచిది.

కనీసం నెల ముందు మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఒక పూల్‌లో చేరండి. పోటీలకి వెళ్లేంత ఈత రానక్కర్లేదు. నోటితో పీల్చి నోటితో వదలడం, అలసిపోతే వెల్లకిలా తిరిగి తేలడం, ట్యూబులోకి నీళ్లొస్తే ఒక్క ఊదుతో బయటికి చిమ్మేయడం రావాలి. మాస్కులోకి నీళ్లొస్తే పై అంచుని నుదుటికి నొక్కిపట్టి, తల కొద్దిగా ఎత్తి, ముక్కుతో గాలి వదలాలి. నీళ్లు కింది నుంచి పోతాయి. ఇవన్నీ నడుము లోతులో, గోడ పక్కన, టెన్షన్ లేకుండా వచ్చేదాకా చేయండి. మొదట్లో అందరూ అలవాటు కొద్దీ ముక్కుతోనే పీల్చబోతారు. మాస్కు మొహానికి అతుక్కుపోయి ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఆ భయమేదో పూల్‌లోనే తీరిపోవాలి.

మాస్కు సొంతది కొనుక్కోండి. పడవ దగ్గర అద్దెకిచ్చేది నీ మొహానికి సరిపోతుందన్న నమ్మకం లేదు. షాపులో ఇలా చూడు: పట్టీ తలకి తగిలించకుండా మాస్కుని మొహానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి లోపలికి లాగి, చేతులు వదిలెయ్. ఊపిరి బిగబట్టినంతసేపూ పడకుండా అంటుకుని ఉంటే అది నీది. జారిపోతే ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టెయ్. అల్లుడుగారికి మీసం దగ్గర నీళ్లు కారతాయి, ముక్కు కింద సన్నని గీత మేర గొరిగించుకుంటే చాలావరకు ఆగుతుంది. నీ జుట్టు కూడా అంచు కింద ఇరుక్కోకుండా వెనక్కి కట్టుకో. నీకు కళ్లజోడు పవరు ఎక్కువ కాబట్టి పవర్ అద్దాలు బిగించిన మాస్కు అడుగు, దొరుకుతాయి. కొత్త మాస్కు అద్దానికి తయారీలో అంటిన పల్చటి పొర ఉంటుంది. తెల్ల టూత్‌పేస్టుతో వేళ్లతో రుద్ది కడిగితే పోతుంది, లేకపోతే నీళ్లలోకి దిగిన రెండు నిమిషాలకే మసకబారుతుంది.

మొహమంతా కప్పేసే మాస్కులు ఆన్‌లైన్లో చవగ్గా కనిపిస్తాయి. దయచేసి కొనకు. నాసిరకం వాటిలో వదిలిన గాలినే మళ్లీ పీల్చే ప్రమాదం ఉంది, నీళ్లొస్తే వెంటనే ఊడదీయడమూ కష్టం. సన్నగా ఉండి, చివర నానారకాల వాల్వులున్న ట్యూబుతో కూడా జాగ్రత్త. హవాయిలో స్నార్కెలింగ్ ప్రమాదాల మీద ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. కొందరు నీళ్లు మింగి కాకుండా, అలాంటి ట్యూబులోంచి బలంగా పీల్చీ పీల్చీ ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆక్సిజన్ తగ్గి, కాళ్లూ చేతులూ ఆడక మునిగారని అందులో తేలింది. కాబట్టి కొనే ముందు నోట్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని కాసేపు గట్టిగా పీల్చి చూడు. అక్కడే ఆయాసం వస్తే నీళ్లలో ఇంకా ఎక్కువవుతుంది.

ఇది మీ ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోవాలి. స్నార్కెలింగ్ చేస్తూ మునిగిపోయే మనిషి కేకలేయకపోవచ్చు, చేతులు కొట్టుకోకపోవచ్చు. మొహం నీళ్లలో పెట్టి మామూలుగా తేలుతున్నట్టే కనబడతాడు. అందుకే ఇద్దరిద్దరుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉండండి. మాటిమాటికీ సైగ చేసి బాగున్నావా అని అడగాలి, జవాబు రాకపోతే వెంటనే తట్టి చూడాలి. ఊపిరి ఏమాత్రం తేడాగా అనిపించినా ట్యూబు తీసేసి, వెల్లకిలా తిరిగి, చెయ్యెత్తండి. డబ్బు కట్టాం కదా, ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం అనుకోకూడదు.

మీ అమ్మకి బీపీ ఉంది. నీళ్లలోకి దిగగానే ఒళ్లంతటి రక్తం ఛాతీ వైపు ఎక్కువగా చేరి గుండెకి పని పెరుగుతుంది. డాక్టరుని కలిసి, స్నార్కెలింగ్ అని స్పష్టంగా చెప్పి అడగాలి. "ఊరికి వెళ్తున్నాం" అంటే ఆయనకి అర్థం కాదు. వద్దంటే అడుగున గాజు ఉన్న పడవలో కూర్చుని హాయిగా పగడాలు చూస్తుంది, దానికి చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. బాబుకి పిల్లల సైజు మాస్కూ, ఒంటికి సరిగ్గా బిగిసే లైఫ్ జాకెట్టూ ఉండాలి. వాడి పక్కన ఉన్న పెద్దవాళ్లు ఫోటోల జోలికి పోకూడదు.

ఎప్పుడు వెళ్లాలంటే, నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలలైతే గాలి తగ్గి నీళ్లు తేటగా ఉంటాయి. మే నుంచి నైరుతి వానలు, సముద్రం కలకబారుతుంది. తేదీలు పెట్టుకునేటప్పుడు గోడ మీద క్యాలెండరులో తిథి కూడా చూడు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటూ పాటూ రెండూ పెద్దవి, నీటి లాగుడు ఎక్కువ. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకి ఆ తేడా బాగా తగ్గి నీళ్లు నెమ్మదిస్తాయి. కొత్తవాళ్లకి అవే మంచి రోజులు. పాటు బాగా తీసినప్పుడు పగడాల మీద లోతు చాలక కడుపూ మోకాళ్లూ గీసుకుంటాయి, అందుకని ఆ రోజు పోటు, పాటు టైములు కూడా అక్కడ అడగండి. పొద్దున్నే వెళ్తే గాలీ తక్కువ, జనమూ తక్కువ.

విశాఖ నుంచి నౌక ఉంది గానీ రెండు రోజులు దాటే ప్రయాణం, చిన్నపిల్లాడితో వద్దు. విమానంలోనే వెళ్లండి. మనం హేవలాక్ అనే దీవి పేరు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ పేరు షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం అన్నారు. బుకింగుల్లో రెండు పేర్లూ కనబడతాయి, కంగారుపడకు. హేవలాక్‌లో ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో తీసుకెళ్తారు, అందరూ వెళ్లేది అక్కడికే కాబట్టి మొదటి పడవ ఎక్కండి. నాకు ఎక్కువ నచ్చేది పోర్ట్ బ్లెయిర్ వైపు వండూరు దగ్గరి జాలీ బాయ్ దీవి. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంటుంది. జాలీ బాయ్‌నీ రెడ్ స్కిన్ దీవినీ సీజన్‌ని బట్టి మార్చి మార్చి తెరుస్తారు, పర్మిట్ కావాలి, వాడిపారేసే ప్లాస్టిక్ లోపలికి రానివ్వరు. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. బోర్డు పెట్టిన చోట, చీకటిపడ్డాక, వాగులు కలిసే చోట అసలు దిగొద్దు.

నీళ్లలో ముందు ప్రవాహానికి ఎదురు వెళ్లండి, అలిసిపోయాక వెనక్కి అదే తెచ్చేస్తుంది. మధ్యమధ్యలో తలెత్తి పడవ ఎక్కడుందో చూసుకోండి. మాస్కులోంచి వస్తువులు పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి, చెయ్యి పెట్టబోయి దూరం తప్పుతారు. అసలు దేన్నీ ముట్టుకోవద్దు. పగడం రాయిలా ఉంటుంది గానీ ప్రాణి. నిలబడితే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక్క క్షణంలో విరుగుతుంది. 1998లోనూ 2010లోనూ నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లగా పాలిపోయి ఎంతో పోయాయి, మిగిలినవి చూస్తుంటేనే నాకు ప్రాణం లేచొస్తుంది. ముక్కలు తెచ్చుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా, బాబు ఏరుకొచ్చినా అక్కడే వదిలేయించు. పెద్ద ట్రిగ్గర్ చేప గుడ్ల దగ్గర ఉంటే వెంటపడి కరుస్తుంది. దాని హద్దు గరాటులాగా పైకి వెడల్పవుతుంది కాబట్టి పైకి కాకుండా పక్కకి ఈదుకుంటూ వెళ్లిపోవాలి. ముళ్ల చేప గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. నీళ్లు చల్లగా తగులుతుంటే వీపు, పిక్కల వెనక మాడిపోవడం సాయంత్రానికి గానీ తెలియదు. పొడుగు చేతుల ఈత చొక్కా, లెగ్గింగ్స్ వేసుకోండి. అలా వేసుకుంటే సన్‌స్క్రీన్ మొహానికీ చేతులకీ కొద్దిగా సరిపోతుంది, పగడాలకీ మేలు. చున్నీలు, వేలాడే గొలుసులు వద్దు. నీళ్లలో వేళ్లు కుంచించుకుపోయి ఉంగరాలు జారిపోతాయి, అన్నీ రూమ్ లాకర్లో పెట్టేసి రండి. పడవకి ముందు రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర వేసుకుంటే మగత వస్తుంది, అది తగ్గేదాకా నీళ్లలోకి వద్దు.

అల్లుడుగారికి స్కూబా, అంటే వీపుకి గాలి సిలిండరు కట్టుకుని లోతుకి దిగడం, కూడా చేయాలనుందట. చేయనీ, కానీ ట్రిప్ మొదట్లో పెట్టుకోమను. స్కూబా అయ్యాక ఒక రోజంతా విమానం ఎక్కకపోవడం క్షేమం. స్నార్కెలింగ్‌కి ఆ ఇబ్బంది లేదు, దాన్ని చివరి రోజుకి ఉంచుకోవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్సులో నీటి క్రీడలకి కవరేజీ ఉందో లేదో చదివాకే డబ్బు కట్టండి.

మీ అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజు చెప్పు, నేనూ వస్తాను. మాస్కులు కొనడానికి కూడా కలిసే వెళ్దాం, బాబుకి సరిపోయేది నేను చూసి తీసుకుంటాను.

ఇట్లు,
పెద్దమ్మ