అడగండి చెప్తా: ఆ 28 ఎఫ్-16లు న్యూజిలాండ్ తీసుకునుంటే?

కావలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు: అన్నా, న్యూజిలాండ్‌కి 2001 నుంచి ఫైటర్ జెట్లే లేవంట గదా. ఆ ఎఫ్-16 డీల్ క్యాన్సిల్ చెయ్యకుండా ఉంటే ఇప్పుడు ఆ దేశం ఎట్టా ఉండేది? మా బ్యాచ్‌లో సగం మంది పెద్ద పవర్ అయ్యుండేదంటారు, సగం మంది దివాళా తీసుండేదంటారు.

రెండూ కాదులే తమ్ముడూ. ముందు ఆ విమానాలు ఎక్కడివో చూడు, అసలు మజా అక్కడుంది. అవి పాకిస్తాన్ కోసం అమెరికా తయారుచేసినవి, పాకిస్తాన్ డబ్బులు కూడా కట్టింది, ఈలోగా అణుబాంబు గొడవ మీద 1990లో ప్రెస్లర్ సవరణ అనే అమెరికా చట్టం అడ్డమొచ్చి డెలివరీ ఆగిపోయింది, దాంతో 28 విమానాలు కొత్తవి కొత్తగానే అరిజోనా ఎడారిలో పడున్నాయి. 1998 చివర్లో న్యూజిలాండ్‌లో నేషనల్ పార్టీ ప్రభుత్వం వాటిని లీజుకి తీసుకుంటామంది, బేరం కుదిరింది, మరుసటేడు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, కొత్త ప్రధాని హెలెన్ క్లార్క్ వచ్చి 2000లో రద్దు చేసేసింది. 2001 కల్లా ఉన్న స్కైహాక్ అనే పాత ఫైటర్ల స్క్వాడ్రన్లు కూడా మూసేసింది. 17 స్కైహాకులు, 17 ఏర్మాకీ ట్రైనర్లు షెడ్డుకెళ్లాయి, 2012 దాకా బేరం తెగలా, చివరికి డ్రాకెన్ అని అమెరికాలో ఒక ప్రైవేటు కంపెనీ కొన్ని కొనుక్కుంది, మిగతావాటిలో చాలావరకు మ్యూజియాలకి.

ఇంక నీ ప్రశ్న. పెద్ద పవర్ అనేది మర్చిపో. 2011 లెక్కల్లో మన పాత నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాలూ కలిపితేనే 63 లక్షల జనం, న్యూజిలాండ్ మొత్తం ఇప్పటికీ 50 లక్షల చిల్లర. పక్కనున్నది ఆస్ట్రేలియా, అది కూడా ఆక్లాండ్ నుంచి సిడ్నీకి 2 వేల కిలోమీటర్ల పైన సముద్రం. ఎఫ్-16లు ఉన్నా లేకపోయినా వాళ్ల మీదికి ఎవడూ వచ్చేవాడు కాదు, క్లార్క్ వాదన కూడా ఇంచుమించు ఇదే.

నన్నడిగితే ఆ జరగని కథ ఎట్టా ఉండేదో తెలియాలంటే డెన్మార్క్‌ని చూడాల. జనం ఇంచుమించు అంతే, అప్పట్లో విమానాలు అవే ఎఫ్-16లు. వాళ్ల మీదికీ ఎవరూ రాలేదు, కానీ వాళ్లే బయటికెళ్లాల్సొచ్చింది, 2002లో కిర్గిజ్‌స్తాన్‌లోని మనాస్ నుంచి అఫ్ఘానిస్తాన్ మీద ఎగిరారు, 2011లో ఆరు విమానాలతో లిబియా మీద 900 పైచిలుకు బాంబులేశారు. చేతిలో జెట్లుంటే పెద్ద దేశం ఫోన్ చేసి మీరూ రండి అంటది, లేకపోతే అనదు. న్యూజిలాండ్ 2001లో అఫ్ఘానిస్తాన్‌కి కమాండోల్ని పంపింది, 2015లో ఇరాక్‌కి ట్రైనర్లని పంపింది, అదే ఆస్ట్రేలియా ఫైటర్లని పంపింది. ఎఫ్-16లు ఉంటే న్యూజిలాండ్ పార్లమెంటులో ఈ గొడవ ఒక రేంజ్‌లో జరిగుండేది, అణు ఓడల్ని రానిచ్చేదే లేదని 1985లో అమెరికాతో తెగతెంపుల దాకా పోయిన దేశం గదా మరి, డెన్మార్క్ అంత తేలిగ్గా తల ఊపేది కాదనుకుంటా.

దివాళా కూడా కాదు, కానీ వేరేవి ఆగిపోయేవి. రొయ్యల చెరువు లీజుకి తీసుకోడం తేలికే, మేతా కరెంటు బిల్లే మనిషిని కూర్చోబెట్టేది. 28 విమానాలంటే అన్నీ రోజూ ఎగరవు, కొన్ని ఓవర్‌హాల్‌లో, కొన్ని కొత్త పైలట్ల ట్రైనింగులో, చేతికొచ్చేవి కొన్నే. అవి 2020 నాటికి ముసలివైపోయి మళ్లీ కొత్తవి కొనాల్సొచ్చేది, అప్పుడు 2.3 బిలియన్ న్యూజిలాండ్ డాలర్లు పెట్టి సముద్రం మీద నిఘాకి కొన్న నాలుగు పీ-8 విమానాలకి డబ్బులెక్కడివి? చుట్టూ సముద్రమున్న దేశానికి అవే ఎక్కువ పనికొచ్చేవి.

వాళ్లు నిజంగా పోగొట్టుకుంది మనుషుల్ని. పైలట్లు చాలామంది ఆస్ట్రేలియా, బ్రిటన్ ఎయిర్‌ఫోర్సుల్లో చేరిపోయారు. సీనియర్ దగ్గర జూనియర్ నేర్చుకునే వరస ఒకసారి తెగితే రేపు డబ్బులున్నా విమానాలే వస్తాయి, నడిపేవాళ్లు రారు.

ఆ 28 ఎఫ్-16ల్లో కొన్ని అమెరికా నేవీకి ట్రైనింగులో శత్రువు వేషం కట్టడానికి పోయాయి, కొన్ని తిరిగి తిరిగి పాకిస్తాన్‌కే చేరాయి. అంటే క్లార్క్ గానీ ఊ అనుంటే మన పక్కింటికి అవి వచ్చేవి కావు. అట్టాగని మనం సంబరపడేదేం లేదు, పాకిస్తాన్ తర్వాత బ్లాక్ 52 రకం కొత్త ఎఫ్-16లూ కొనుక్కుంది, జోర్డాన్ దగ్గర పాతవీ తెచ్చుకుంది.

ఒంగోలు నుంచి ఒక టీచరమ్మ: సార్, స్విట్జర్లాండ్‌లో ఫైటర్ జెట్లు ఆఫీసు టైంలోనే పనిచేస్తాయని మా స్టాఫ్ రూంలో చెప్పుకుంటున్నారు, జోకా?

జోకు కాదు మేడమ్, 2014 ఫిబ్రవరిలో అట్టానే జరిగింది. ఇథియోపియన్ విమానాన్ని దాని కో-పైలటే హైజాక్ చేసి తెల్లారుజామున జెనీవాలో దించాడు, వెంట వచ్చింది ఇటలీ, ఫ్రాన్స్ ఫైటర్లు, స్విస్ వాళ్లకి ఇంకా డ్యూటీ టైం కాలా. 2020 చివరి నుంచి 24 గంటలూ రెడీగా ఉంటన్నారు. కొత్త జెట్లు కొనాలా వద్దా అని అదే ఏడు జనాన్నే ఓటడిగితే 8 వేల చిల్లర ఓట్ల తేడాతో గట్టెక్కింది.

కొరిశపాడు దగ్గర్నుంచి ఒక రైతు: అయ్యా, మా హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్లు విమానాలు దించారు గదా, చిన్న దేశాలు బేసులు కట్టకుండా ఇట్టా రోడ్ల మీదే నడుపుకోవచ్చు గదా?

నడిపినవాళ్లున్నారు పెద్దాయనా, స్వీడన్. వాళ్ల గ్రిపెన్ ఫైటర్‌ని తయారుచేసిందే 800 మీటర్ల రోడ్డు ముక్క మీద దిగి, ఒక టెక్నీషియనూ నలుగురైదుగురు కుర్రాళ్లూ కలిసి పది నిమిషాల్లో ఆయిలు పోసి, మిసైళ్లు తగిలించి మళ్లీ లేపేట్టు. మన దగ్గర 16వ నంబరు హైవే మీద 2024 మార్చిలో నేలకి తగిలింది ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు, సుఖోయ్, హాక్ జెట్లు కిందికొచ్చి తగలకుండా పైకెళ్లిపోయాయి. రోడ్డుంటే సరిపోదు, పెట్రోలు, ఆయుధాలు, మనుషులు లారీల్లో అడవిలో దాక్కోనుండాల. స్వీడన్ కూడా కోల్డ్ వార్ అయిపోయాక ఇదంతా చాలావరకు వదిలేసి, రష్యా గొడవతో మళ్లీ ఇప్పుడు ప్రాక్టీస్ చేస్తాంది.