కథానాయకుణ్ణి మార్చు

అమ్మాయీ,

నీ నవల చదివాను. 1850ల అమెరికాలో జార్జియా రాష్ట్రం, పత్తి తోట, అక్కడ బానిసగా పుట్టిన పిల్ల, ఆమెను ప్రేమించే యజమాని కొడుకు. సంభాషణలు నీకు బాగా వస్తాయి. కథానాయకుణ్ణి మాత్రం మార్చెయ్.

కోప్పడకు. కుర్రాడు ఎంత మంచివాడైనా చట్టం దృష్టిలో ఆమె అతని తండ్రి ఆస్తి. కాదనే వీలే లేని మనిషి అవునంటే దాన్ని ప్రేమ అని ఎలా నమ్మమంటావు? తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. అంటే యజమాని వల్ల పుట్టిన బిడ్డ కూడా అతని ఆస్తి లెక్కలోకే వెళ్తుంది. ఇది తెలిశాక నీ వెన్నెల సీను మళ్లీ చదువు, నీకే ఇబ్బందిగా ఉంటుంది.

ప్రేమకథ కావాలంటే బానిసల ఇళ్లలోనే ఉంది. వాళ్ల పెళ్లిళ్లకు చట్టంలో గుర్తింపు లేదు. అయినా చేసుకున్నారు, కొన్నిచోట్ల చీపురు మీంచి ఇద్దరూ కలిసి దూకి. మొగుడు ఒక తోటలో, పెళ్లాం ఇంకో తోటలో ఉండటం మామూలే. శనివారం పని ముగిశాక యజమాని రాసిచ్చిన చీటీ పట్టుకుని నడిచి వెళ్లేవాడు. చీటీ లేకుండా గస్తీవాళ్లకు దొరికితే కొరడా దెబ్బలే. దీనికి వేరే విలన్ ఎందుకు? యజమాని అప్పులపాలైతే చాలు, ఇద్దరిలో ఒకరిని అమ్మేస్తాడు.

నీ జార్జియాలోనే, మేకన్ ఊళ్లో, ఎలెన్, విలియం క్రాఫ్ట్ అనే బానిస దంపతులు ఉండేవాళ్లు. ఎలెన్ తండ్రి ఆమె తల్లికి యజమానే, అందుకే తెల్లగా ఉండేది. బానిసత్వంలో బిడ్డను కనడానికి భయపడి ఆమె పెళ్లికే చాలాకాలం వెనకాడింది. 1848 డిసెంబర్‌లో మగవేషం వేసి, జబ్బుపడిన తెల్ల యజమానిలా రైలెక్కింది. భర్త ఆమె నౌకరుగా వెంట నడిచాడు. చదువు రాదు కాబట్టి, హోటల్లో సంతకం పెట్టమంటారని కుడిచేతిని గుడ్డతో మెడకు వేలాడదీసుకుంది! క్రిస్మస్ నాటికి బానిసత్వం లేని ఫిలడెల్ఫియా చేరారు. 1850లో పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించే చట్టం వచ్చాక ఇంగ్లండ్ వెళ్లిపోయారు. పిల్లలు అక్కడ పుట్టారు. సుఖాంతం రాయడం తప్పేమీ కాదు, వాళ్లంత కష్టపడి అక్కడికి చేరాలి, అంతే.

1936–38 మధ్య అమెరికా ప్రభుత్వం మాజీ బానిసలు రెండు వేల మందికి పైగా చెప్పినవి రాయించింది. అవి చదువు, కానీ జాగ్రత్తగా. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. ముసలివాళ్లు ఎదుటి మనిషిని చూసి మాట్లాడారు. "మా యజమాని మంచివాడే" అన్న వాక్యం కనబడగానే నవలలోకి ఎత్తేయకు.

ఇంకోటి. నీ తోట అక్కడక్కడ మన తెలంగాణ గడీలా తయారైంది, "నీ బాంచన్" ఒక్కటే తక్కువ. వెట్టి వేరు, మనిషినే సంతలో అమ్మడం వేరు. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

వంటమనిషి పాత్రను ముట్టుకోకు, అది బాగా కుదిరింది. తిరగరాశాక మొదటి మూడు అధ్యాయాలు పంపు. సంక్రాంతికి ముందైతే తీరిగ్గా చదువుతాను.