38 క్యాలిబర్ అంటే వెడల్పా, పొడవా?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్ల మీద ఒక అనువాద వ్యాసం చదివాను. అందులో ‘ఈ నౌకకు ఐదు 5-అంగుళాల 38 క్యాలిబర్ తుపాకులు ఉన్నాయి’ అని ఉంది. 5 అంగుళాల తుపాకి ఏమిటి? 38 దేని కొలత? ఇక్కడ తుపాకి అనవచ్చా?

సమాధానం: అనకపోవడమే మంచిది. ఇంగ్లిష్‌లో పిస్తోలు నుంచి యుద్ధనౌక మీది ఆయుధం దాకా అన్నీ గన్‌లే. తెలుగులో తుపాకి అంటే మనిషి చేత పట్టుకుని కాల్చేది. ఫ్లెచర్ మీద వాడిన గుండు ఒక్కటే సుమారు 25 కిలోలు. అది ఫిరంగి, సందేహం లేదు.

అసలు చిక్కంతా క్యాలిబర్‌తోనే. ఎన్‌సీసీ పిల్లలు కాల్చే పాయింట్ టూ టూ రైఫిల్‌లో ఆ అంకె గొట్టం లోపలి వ్యాసం, అంటే అంగుళంలో నూటికి 22 వంతులు. ఓడ ఫిరంగుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ వ్యాసం చెప్పేది 5 అంగుళాలు. 38 అనేది గొట్టం పొడవు ఆ వ్యాసానికి ఎన్ని రెట్లో చెబుతుంది. ఐదు ముప్పై ఎనిమిదులు 190 అంగుళాలు, అంటే దాదాపు 16 అడుగులు.

ఈ 38 ఊరికే వచ్చింది కాదు. అంతకు ముందు అమెరికా నౌకాదళంలో 5 అంగుళాలవే ముఖ్యంగా రెండు రకాలుండేవి. 51 క్యాలిబర్లది శత్రువుల ఓడల్ని కొట్టడానికి బాగా పనిచేసేది కానీ, పొడుగు గొట్టాన్ని విమానం వెంట గబగబా తిప్పడం కష్టం. 25 క్యాలిబర్లది చటుక్కున తిరిగేది, గుండు మాత్రం అంత వేగంగా వెళ్లేది కాదు. రెంటికీ మధ్యగా, అటు ఓడలకూ ఇటు విమానాలకూ పనికొచ్చేలా చేసిందే 38. అనువాదంలో ఆ అంకెను అలాగే వదిలేస్తే ఈ సంగతంతా పాఠకుడికి అందదు.

ఇక ‘ఐదు 5-అంగుళాల’ అనే వరస ఇంగ్లిష్‌ది. కొలత ముందు, లెక్క చివర పెడితే రెండు ఐదులూ ఢీకొనవు. అడ్డగీత అక్కర్లేదు. ఇంకో జాగ్రత్త: గుండుకు బహువచనం గుండ్లు అనే రాయండి. గుళ్లు అన్నా తప్పు కాదు గానీ, ‘నిమిషానికి పదిహేను గుళ్లు’ అంటే తీర్థయాత్ర అనుకుంటారు!

అదే ఓడ మీది 40 మిల్లీమీటర్ల బోఫోర్స్‌ను (1980ల్లో మన రాజకీయాల్ని కుదిపిన పేరే, ఆయుధం వేరు) ఫిరంగి అనాలో వద్దో చెప్పడం కష్టం. నేనైతే విమాన విధ్వంసక గన్ అనే రాస్తాను.

మీరడిగిన వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఈ నౌక మీద 5 అంగుళాల వ్యాసం, దాదాపు 16 అడుగుల గొట్టం ఉన్న ఫిరంగులు ఐదు ఉన్నాయి.’