క్రిస్టఫర్ స్లట్‌మన్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. డెలావేర్‌లో ఉద్యోగం చేసుకుంటూ, మీ న్యూఆర్క్ ఊరివాడై, 2019లో ఆఫ్ఘనిస్తాన్‌లో ప్రాణాలు కోల్పోయిన ఒక ఫైర్‌ఫైటర్ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు ఎంతో సంతోషం. క్రిస్టఫర్ స్లట్‌మన్ పేరు మన పాఠకుల్లో చాలామంది విని ఉండరు. అందుకే నీ బాధ్యత పెద్దది. నువ్వు ఏం రాస్తే వాళ్లకు ఆయన అంతే.

నీ మొదటి పేజీలో త్యాగమూర్తి, మహామనిషి, నిస్వార్థ సేవకుడు లాంటి మాటలు వరసగా ఉన్నాయి. అవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ పేజీలో ఆయన పేరు కొట్టేసి ఇంకెవరి పేరు రాసినా ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. మన సంతాప సభల్లో పోయినవాళ్లందరికీ ఈ మాటలే పంచుతాం కదా, వినేవాళ్ల చెవులు వాటికి ఎప్పుడో అలవాటుపడిపోయాయి. ఆ పేజీ తీసెయ్యమ్మా. ఆయన డ్యూటీకి ఎక్కితే చేసే పనేమిటో చెప్పు. ఆ పని కళ్లకు కట్టినట్టు రాయగలిగితే త్యాగం అన్న మాట పాఠకుడే అనుకుంటాడు.

"న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో 15 ఏళ్లు పనిచేశారు" అని ఒక్క లైన్లో దాటేశావు. ఆగాల్సింది అక్కడే. ఆయన పనిచేసింది న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌ ప్రాంతంలో, ల్యాడర్ కంపెనీ 27లో. మన వాళ్లకు ఫైరింజన్ అంటే గంట కొట్టుకుంటూ వచ్చే ఎర్రబండి, అందులో నీళ్లు, పైపు. న్యూయార్క్‌లో ఆ పనిని రెండుగా పంచుకుంటారు. ఇంజన్ కంపెనీ వాళ్లు పైపు లాగి నీళ్లు కొడతారు. ల్యాడర్ కంపెనీ వాళ్లు తలుపులు పగలగొడతారు, పొగ పోవడానికి కిటికీలూ పైకప్పూ తెరుస్తారు, లోపల ఎవరైనా చిక్కుకుపోయారేమో వెతుకుతారు. చాలాసార్లు నీళ్ల పైపు ఇంకా పైకి చేరకముందే వీళ్లు లోపల ఉంటారు. దట్టమైన పొగలో చాచిన చెయ్యి చాచినవాడికే కనపడదు. వేడి పైకి చేరుతుంది కాబట్టి నేల మీద పాకాలి. గోడను తడుముకుంటూ, తలుపు ఎటుందో మనసులో గుర్తుపెట్టుకుంటూ, మంచాల కింద, బీరువాల వెనక, బాత్‌రూముల్లో చేత్తో వెతకాలి. పసిపిల్లలు భయపడితే బయటికి పరుగెత్తరు, దాక్కుంటారు. అందుకే అంత వెతుకులాట. ఇది నీ వ్యాసంలో కనీసం ఒక పేజీ ఉండాలి.

2014లో ఆయనకు ఫైర్ చీఫ్స్ అసోసియేషన్ మెమోరియల్ మెడల్ ఇచ్చారు. సౌత్ బ్రాంక్స్‌లో మంటల్లో ఉన్న ఎత్తైన అపార్ట్‌మెంట్ భవనం నుంచి, స్పృహ తప్పిన ఒక మహిళను కాపాడినందుకు. నువ్వు మెడల్ పేరు రాసి వదిలేశావు. ఆ మహిళకు ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు. ఆవిడ ఎవరో నువ్వు వెతికి పట్టుకోనక్కర్లేదు, పేరు అసలే అక్కర్లేదు. కానీ ఆ రోజు ఆ ఇంట్లో అపస్మారకంగా పడి ఉన్న ఒక మనిషి, పాకుతూ వచ్చిన ఇంకో మనిషి చేతికి తగిలింది. ఒకరికొకరు పరిచయం లేనివాళ్లు. మెడల్ కంటే ముందు ఆ గది రాయి.

ఇంకో సంగతి నువ్వు పూర్తిగా వదిలేశావు, అది నాకు చాలా వెలితిగా అనిపించింది. న్యూయార్క్‌లో జీతానికి చేసే ఈ పనినే ఆయన మేరీలాండ్‌లో జీతం లేకుండా చేశారు. ప్రిన్స్ జార్జెస్ కౌంటీలోని కెంట్‌లాండ్ వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయన్ని తమవాడిగా చెప్పుకుంటుంది. అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో ఎక్కువమంది వాలంటీర్లేనని మన దగ్గర ఎంతమందికి తెలుసు? పగలు ఏదో ఉద్యోగం, రాత్రి పిలుపు వస్తే నిద్రలో లేచి పరుగు. ఆ ఏర్పాటు గురించి ఒక పేరా రాస్తే ఈ మనిషి ఎక్కడినుంచి వచ్చాడో అర్థమవుతుంది. సేవాభావం ఆయన ఒక్కడిలో ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, చుట్టూ అలాంటివాళ్లున్నారు. ఆ మాట రాస్తే ఆయన గొప్పతనమేమీ తగ్గదు.

పైగా ఆయన అమెరికా సైన్యంలోని మెరీన్ దళానికి చెందిన రిజర్వ్‌లో స్టాఫ్ సార్జెంట్. రిజర్వ్ అంటే మామూలు రోజుల్లో నెలకొక వారాంతం, ఏడాదికి రెండు వారాలు శిక్షణ. పిలుపు వస్తే మాత్రం ఉద్యోగం ఆపి యూనిఫాం వేసుకుని వెళ్లాలి. తిరిగొచ్చేదాకా ఆ ఉద్యోగం పోకుండా చట్టం కాపాడుతుంది. ఆయన 25వ మెరీన్ రెజిమెంట్‌తో ఆఫ్ఘనిస్తాన్ వెళ్లారు. అప్పటికి వయసు 43. ఇంట్లో భార్య, ముగ్గురు ఆడపిల్లలు.

ఇక్కడ కొంచెం ఆలోచించు. బ్రాంక్స్‌కూ మీ న్యూఆర్క్‌కూ మధ్య 200 కిలోమీటర్ల పైమాటే. ఫైర్ స్టేషన్, రిజర్వ్ శిక్షణ, ఆ పైన దేశాంతరం. ఆ ఇల్లు ఎవరు నడిపారు? పిల్లల జ్వరాలకు ఎవరు మేలుకున్నారు? ఒక మనిషి ఊరి కోసం బతికితే ఆ ఖర్చులో సగం ఇంటివాళ్లు కడతారు. మన సంస్మరణ వ్యాసాల్లో భార్య ఎప్పుడూ చివరి లైన్లో వస్తుంది, "ఆయనకు భార్య, ముగ్గురు పిల్లలు" అని. నువ్వు ఆవిడను వ్యాసం మధ్యలోకి తీసుకురా. అలా అని నీకు తెలియని మాటలు ఆవిడ నోట పెట్టకు. న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలోని సెయింట్ థామస్ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన జరిగినప్పుడు తీసిన ఫొటోలు చూసి పిల్లల ముఖాల గురించి రెండు పేరాలు రాశావు. అవి తీసెయ్యి. వాళ్లు రేపు పెద్దవాళ్లవుతారు. తమ చిన్నప్పటి ఏడుపును ఎవరో వర్ణించడం వాళ్లు చదవాల్సిన అవసరం లేదు.

ఆఖరి క్షణంలో ఆయన ఏమనుకున్నారో కూడా రాశావు. ఎలా తెలుసమ్మా నీకు? ఎవరికీ తెలియదు. కథలో పాత్ర అయితే నీ ఇష్టం. బతికిన మనిషి విషయంలో అంత చొరవ మనకు లేదు. తెలియని చోట ఖాళీ వదిలెయ్యి.

2019 ఏప్రిల్ 8. ఆఫ్ఘనిస్తాన్‌లోని బగ్రామ్ వైమానిక స్థావరం దగ్గర అమెరికా వాహనశ్రేణి మీద బాంబు పేలింది. తామే చేశామని తాలిబన్లు ప్రకటించారు. నువ్వు "నలుగురు మరణించారు" అని రాశావు. అది మొదటిరోజు వార్త. ముగ్గురు సైనికులు, ఒక కాంట్రాక్టర్ చనిపోయారని సైన్యం ముందు ప్రకటించింది. మర్నాడు సరిదిద్దుకుంది. ఆ కాంట్రాక్టర్ ఆఫ్ఘన్ పౌరుడు, గాయపడ్డాడు కానీ బతికే ఉన్నాడు. చూశావా, నీ వ్యాసంలో బతికున్న మనిషి చనిపోయాడు. మరణం గురించి రాసేటప్పుడు మొదటిరోజు పేపరుతో ఆగకు, వారం తర్వాతి పేపరు కూడా చదువు. ఎవరూ పట్టించుకోరులే అనుకోవద్దు, ఆ ఆఫ్ఘన్ ఇంట్లోవాళ్లు పట్టించుకుంటారు.

ఆయనతో పాటు పోయిన ఇద్దరి పేర్లు కూడా రాయి. కార్పొరల్ రాబర్ట్ హెండ్రిక్స్, న్యూయార్క్ లోకస్ట్ వ్యాలీ, 25 ఏళ్లు. సార్జెంట్ బెంజమిన్ హైన్స్, పెన్సిల్వేనియా యార్క్, 31 ఏళ్లు. ఒక్క వాక్యం చాలు, కానీ అది ఉండాల్సిందే.

ఇక యుద్ధం సంగతి. స్వేచ్ఛ కోసం ఆయన ప్రాణాలిచ్చారని ఒకచోట, వ్యర్థమైన యుద్ధానికి బలయ్యారని ఇంకోచోట రాశావు. రెండూ ఒకే వ్యాసంలో! ఆయన పోయిన ఏడాదికి లోపే, 2020 ఫిబ్రవరిలో, దోహాలో అమెరికా తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి వచ్చింది. ఈ రెండు వాక్యాలూ నీ వ్యాసంలో ఉండనీ. ఆ యుద్ధం మీద నీకు కోపం ఉంటే దానికి వేరే వ్యాసం రాయి, నేను ఇష్టంగా చదువుతాను. ఇక్కడ మాత్రం ఆయన చావును ఏ వాదానికీ సాక్షిగా నిలబెట్టకు. ఆయన ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోలేదు కదా.

తెలుగువాళ్లకు ఈయన ఎందుకు అని నీ స్నేహితులు అడిగారన్నావు. దానికి టెన్షన్ పడకు. మన దేశంలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో, పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ కలిపి నింపిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుంది. మంటలార్పడానికి ఎక్కినవాళ్లు పనిలో ఉండగానే అది పేలిపోయింది. 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఆ వారం. ఊళ్లలో కరపత్రాలు పంచుతారు, స్కూళ్లలో డెమో చూపిస్తారు, మంచిదే. కానీ ఆ 66 మందిలో ఒక్కరి పేరు మనలో ఎంతమంది చెప్పగలం? వాళ్లు ఇంట్లో ఏం తిని బయల్దేరారో, పిల్లలెంతమందో ఎవరికి తెలుసు? అప్పుడే ఎవరైనా కూర్చుని రాసి ఉంటే తెలిసేది. స్లట్‌మన్ విషయంలో ఇంకా సమయం మించిపోలేదు. ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ఉన్నారు, వాళ్లను కలిసే దూరంలో నువ్వున్నావు.

అందుకని రెండో ప్రతి మొదలుపెట్టేముందు ఒక పని చెయ్యి. మీ న్యూఆర్క్‌లోనే ఏట్నా హోస్, హుక్ అండ్ ల్యాడర్ కంపెనీ ఉంది, 1888 నాటిది, వాలంటీర్ ఫైర్‌ఫైటర్ల సంస్థ. ఒక శనివారం వెళ్లి కూర్చో. ముందే ఆయన గురించి అడగొద్దు, వాళ్ల పని గురించి అడుగు. వీపు మీది సిలిండర్‌లో గాలి నిజంగా ఎంతసేపు వస్తుంది, చీకట్లో తోడు ఉన్నవాడు పక్కనే ఉన్నాడని ఎలా తెలుస్తుంది, ఎవరినీ కాపాడలేకపోయిన రాత్రి స్టేషన్‌కు తిరిగొచ్చాక ఏం చేస్తారు. వీలైతే ఆ కోటు ఒకసారి వేసుకుని, మోకాళ్ల మీద నాలుగు అడుగులు పాకి చూడు. ఆ తర్వాత కెంట్‌లాండ్ వాళ్లకు ఉత్తరం రాయి. జవాబు రాకపోతే మళ్లీ రాయి.

నెలాఖరుకల్లా కొత్త ప్రతి పంపు, ఎంత పొడుగున్నా ఫర్వాలేదు. నాన్నను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న