కూపన్ 8 శాతం, యీల్డ్ 7 శాతం: ట్రిపుల్ ఏ (అత్యున్నత రేటింగ్) బాండ్‌లో ఆ ఒక శాతం ఎటు పోయింది?

ఎటూ పోలేదు, ధర రూపంలో మీరే ముందు కట్టేస్తున్నారు. కూపన్ (బాండ్ ఏటా ఇచ్చే వడ్డీ) లెక్క ముఖవిలువ మీద, యీల్డ్ (మీకొచ్చే రాబడి) లెక్క మీరు పెట్టిన డబ్బు మీద.

ముఖవిలువ 1000, ఏటా వడ్డీ 80, ఇంకా 5 ఏళ్ల గడువు, మార్కెట్ ధర 1041 అనుకోండి. 80ని 1041తో భాగిస్తే 7.7 శాతం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ గడువు తీరాక చేతికొచ్చేది 1000 మాత్రమే. ఆ 41 కోత కూడా కలిపితే వైటీఎం (యీల్డ్ టు మెచ్యూరిటీ, అంటే గడువుదాకా ఉంచుకుంటే వచ్చే రాబడి) 7 శాతానికి దిగుతుంది. ఎక్సెల్‌లో రేట్ ఫంక్షన్‌కి వరసగా 5, 80, -1041, 1000 ఇచ్చి చూసుకోండి. మైనస్ మర్చిపోతే ఎర్రర్ కొడుతుంది. రెండు కూపన్ తేదీల మధ్య కొంటే అప్పటిదాకా పోగైన వడ్డీ అమ్మినవారికి అదనంగా ఇవ్వాలి. 90 రోజులకైతే 20కి కాస్త తక్కువ. తర్వాతి కూపన్‌లో అది మీకే వస్తుంది. అలాంటప్పుడు రేట్ పనికిరాదు, అసలు తేదీలతో లెక్కగట్టే ఎక్సెల్ ఫంక్షన్ ఎక్స్ఐఆర్ఆర్ వాడాలి.

అసలు దెబ్బ తగిలేది కాల్ ఆప్షన్ దగ్గర. ఇదే బాండ్‌ను 2 ఏళ్లకే 1000 ఇచ్చి వెనక్కి తీసుకునే హక్కు కంపెనీకి ఉంటే, మీ యీల్డ్ 5.8 శాతమే. వడ్డీ రేట్లు పడినప్పుడే కంపెనీలు ఆ హక్కు వాడతాయి, అంటే మీకు అంత వడ్డీ ఇంకెక్కడా దొరకని సమయంలో. అందుకే బ్రోకర్‌ని వైటీఎం కాదు, యీల్డ్ టు వర్స్ట్ (ఇలాంటి హక్కులన్నీ లెక్కేసి వచ్చే అతి తక్కువ యీల్డ్) అడగండి.

ట్రిపుల్ ఏ అనేది అప్పు తీర్చే సత్తాకి ఇచ్చే మార్కు, ధరకి హామీ కాదు. మార్కెట్ యీల్డ్ 7 నుంచి 8కి పెరిగితే పై బాండ్ ధర 1041 నుంచి 1000కి వచ్చేస్తుంది, దాదాపు 4 శాతం నష్టం. గడువుదాకా ఉంచుకునేవాళ్లకి అది కాగితం మీది నష్టమే.

ప్రభుత్వ బాండ్‌తో పోల్చేటప్పుడు మిగిలిన గడువు రెండింటికీ ఒకటే ఉండాలి. అమెరికాలో రేటింగ్ సంస్థ మూడీస్ ఇచ్చే ట్రిపుల్ ఏ కంపెనీ బాండ్ల సగటు యీల్డ్‌ని 10 ఏళ్ల ట్రెజరీ (అక్కడి ప్రభుత్వ బాండ్) పక్కన పెట్టి, తేడా అంతా కంపెనీ రిస్క్ అనుకుంటారు. ఆ సగటులో ఉండేవి 20 ఏళ్లు, ఆ పైన గడువున్న బాండ్లు. తేడాలో కొంత భాగం ఆ పొడవాటి గడువుదే.

తోటి ట్రిపుల్ ఏల కంటే ఒకటి బాగా ఎక్కువ ఇస్తోందంటే మాత్రం, ముందు కాల్ షరతు, తర్వాత రోజువారీ లావాదేవీలు చూడండి. కొనేవాళ్లు దొరకని బాండ్‌కి ఆ అదనం ఊరికే ఇవ్వరు.